శనివారం గుడ్డు

ఆ ఏడు వానలు మొదలైన వారానికే మా కోళ్ళు గూట్లోకి వెళ్ళడం మానేశాయి. సాయంత్రం కాగానే ఒకదాని వెనక ఒకటి పెరట్లో నారింజ చెట్టెక్కి, కొమ్మల మీద తడుస్తూ కూర్చునేవి. అమ్మ మొక్కజొన్న గింజలు చూపించి పిలిచింది, కర్రతో అదిలించింది, చివరికి రెంటిని రెక్కలు పట్టుకుని లోపల వేసి తలుపు మూసింది. తెల్లారేసరికి ఆ రెండూ తలుపు చెక్కను పొడిచి పొడిచి ముక్కులు నెత్తురు చేసుకున్నాయి. ఆ తర్వాత అమ్మ వాటి జోలికి పోలేదు.

నేనిప్పుడు ముసలిదాన్ని. ఇప్పటికీ కుర్చీని గోడకు ఆనించి కూర్చోను. తలుపు పూర్తిగా మూయను. ఎవరైనా మా ఇంటినుంచి బయల్దేరితే వీధి మలుపు దాకా వెంట వెళ్ళి, మొహం బాగా చూసుకుని వస్తాను. మా పిల్లలు నవ్వుతారు. ఆ వానాకాలాన్ని చూసినవాళ్ళం ఈ ఊళ్ళో ఇంకా ఇద్దరమో ముగ్గురమో మిగిలాం. మేం నవ్వం.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. సంతియాగో నగరంలో, నీళ్ళ కొండకు ఎదురుగా ఉన్న పేటలో మా ఇల్లు. అమ్మ హసింతా, నేను, ఇరవై కోళ్ళు. నాన్న నీలిమందు తోటల్లో పనికని వెళ్ళి తిరిగి రాలేదు. అక్క తెయొదోరా మఠంలో ఉంది. మాలాంటి ఇళ్ళ పిల్లల్ని మఠంలో చేర్చుకోవడం అరుదు. కానీ అక్క గొంతు మంచిది. చర్చిలో పాడేందుకు కావాలని అడిగి మరీ తీసుకున్నారు. అప్పుడు దానికి పదిహేడు, నాకు ఆరు. ఆ పెద్ద తలుపు దాని వెనక మూసుకున్నాక మేం దాని మొహం చూడలేదు. చూడకూడదు, అది నియమం. లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ బయటి కంటికి కనపడకూడదు.

కనపడకుండా మాట్లాడుకోవడానికి మఠం వీధి గోడలో ఒక తిరుగుడు పెట్టె ఉండేది. నిలువుగా కోసిన పీపాలాంటిది, ఇరుసు మీద తిరుగుతుంది. ఇటువైపు మనం ఏదైనా పెట్టి తిప్పితే అటు వెళుతుంది, వాళ్ళు పెట్టి తిప్పితే ఇటు వస్తుంది. చేతివేళ్ళు కూడా కనపడవు. మఠంలో పచ్చసొనతో మిఠాయిలు చేసి అమ్ముతారు కాబట్టి ప్రతి శనివారం అమ్మా నేనూ గుడ్ల బుట్టతో వెళ్ళేవాళ్ళం.

"నిర్మల మరియమ్మకు వందనం," అని అమ్మ పెట్టె దగ్గర నోరు పెట్టి అనేది.

"పాపమంటని తల్లికి వందనం," అని అటునుంచి జవాబు వచ్చేది. ఎవరు వచ్చినా అదే మాట, అదే జవాబు.

"తెయొదోరా, నువ్వేనా?"

"నేనేనమ్మా."

మొదట్లో పెట్టె దగ్గర అక్క ఉండేది కాదు. మఠం ముసలి తల్లి ఒకామె పెట్టె దగ్గర కూర్చుని, మేం వెళ్ళగానే చిన్న గంట కొట్టి అక్కను పిలిపించేది. అక్క వచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళేది. ఆదివారం చర్చిలో ఇనుప జాలీ వెనకనుంచి దాని పాట వినపడేది. అందరి గొంతులూ ఆగాక దానిదొక్కటే ఇంకాస్త పైకి వెళ్ళి అక్కడ నిలబడేది. రెండేళ్ళ కిందట ఊళ్ళో జ్వరాలు వచ్చినప్పుడు ఆ ముసలి తల్లి పోయింది, అక్క గొంతు కూడా పోయింది. జాలీ వెనక పాట ఆగిపోయింది. పెట్టె వెనకనుంచి మాత్రం బొంగురు గొంతు ఒకటి పలికేది. ఏమైందే నీ గొంతుకి అని అమ్మ అడిగితే, "జ్వరం వచ్చిందమ్మా…" అని మాత్రం అంది. పాడలేనిదాన్ని పెట్టె దగ్గర కూర్చోబెట్టినట్టున్నారు అనుకున్నాం.

అప్పటినుంచి అమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. గుడ్ల బుట్ట లోపలికి వెళ్ళాక, శాలువాలోంచి గుడ్డపీలికలో చుట్టిన ఉడికించిన గుడ్డు తీసి పెట్టెలో పెట్టేది.

"ఇది మఠానికి కాదు, నీకు. ఇక్కడే తిను. పెంకులిటియ్యి, కోళ్ళకి కావాలి."

కాసేపటికి పెట్టె తిరిగేది. పీలికలో పెంకులు ఉండేవి.

"బాగుందా?"

"బాగుందమ్మా."

పెంకులతో పాటు నాకొక మిఠాయి వచ్చేది. దాన్ని చుట్టిన కాగితం నాకు మిఠాయి కంటే ఎక్కువ. చిరిగిపోయిన ప్రార్థన పుస్తకాల పుటలవి. ఒకసారి వచ్చినది నాకు నోటికొచ్చిన పరలోక ప్రార్థనే అని, పేరాకు ముందున్న పెద్ద అక్షరం ఆకారం చూసి పోల్చుకున్నాను. నోటితో చెబుతూ వేలితో ఒక్కో మాటా జరిపాను. అలా అచ్చు అక్షరాలు పట్టుబడ్డాయి. కాగితం వెనక మఠకన్యలు చేత్తో రాసిన మిఠాయి పేర్లు ఉండేవి. వాటితో చేతిరాత కూడా కొద్దికొద్దిగా పట్టుబడుతోంది. మా పేటలో చదవడం వచ్చిన ఆడవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అమ్మకు తప్ప. అమ్మ విని, "మంచిదే," అని ఊరుకుంది.

మా ఇంట్లో ఇంకో కాగితం కూడా ఉండేది. జ్వరాల రోజుల్లోనే మఠం పనిమనిషి తెచ్చి, తల్లులు ఇమ్మన్నారని చెప్పి వెళ్ళిపోయింది. నాలుగు మడతలు, పైన సిరాతో సిలువ గుర్తు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మఠాలనుంచి వచ్చిన అలాంటి కాగితాలు ఉండేవి. జ్వరానికొకటి, పిడుగుకొకటి, నేల అదరకుండా ఒకటి. లోపల ఏం రాసుందో దేవుడికి తెలిస్తే చాలు, విప్పి చదివితే వాటి బలం పోతుందని అనేవారు. అమ్మ దాన్ని పునీత అన్నమ్మ పటం వెనక దోపింది. నేల కదిలినప్పుడల్లా తీసి ముందు నా నెత్తి మీద, తర్వాత తన నెత్తి మీద అదిమి పట్టేది. కదలడం ఆగాక మళ్ళీ పటం వెనక పెట్టేది.

జూన్‌లో ఆ కాగితం పటం వెనక ఉన్న సమయం కంటే మా నెత్తుల మీద ఉన్న సమయమే ఎక్కువ. ఒక రోజు మధ్యాహ్నం గట్టిగా అదిరి చర్చి గోపురాలు బీటలు వారాయి. జనం పెరళ్ళలో గడ్డి గుడిసెలు వేసుకుని అందులో పడుకోవడం మొదలుపెట్టారు. పక్కింటి ఉర్సులా మొక్కజొన్న జావ అమ్ముకునే మనిషి, అందరికంటే ముందు వేసుకుంది. అమ్మ ఇంకా ఇంటికప్పు పెంకుల కిందే పడుకుంటోందని గోడ మీదనుంచి తొంగి చూసి మరీ దెప్పింది.

"ఏమే హసింతా, నీ కోళ్ళకున్న బుద్ధి నీకు లేకపాయె. అవి చెట్టెక్కాయి. నువ్వు రేపు పెంకులన్నీ నెత్తిన పెట్టుకుని లేస్తావు."

"నీ మంచం నా మంచం పక్కనే వెయ్యి. నువ్వు గురక పెడితే అదిరేది నేలో, నువ్వో నాకు తెలుస్తుంది," అంది అమ్మ. ఆ వారమే మేమూ గుడిసె వేసుకున్నాం.

ఆ నెలలో మామూలుగా ఉన్నది ఏదీ లేదు. బావి నీళ్ళు గోరువెచ్చగా వచ్చేవి. కోళ్ళు పెంకు లేని గుడ్లు పెట్టేవి. చేతిలోకి తీసుకుంటే సంచిలా వణికేవి. అన్నిటికంటే గంటలు భయపెట్టేవి. గాలి ఉండదు, గంట కొట్టేవాడు గోపురం దిగి భోజనానికి పోయి ఉంటాడు. గంట ఒక్క దెబ్బ మోగుతుంది. సంతలో మాట్లాడేవాళ్ళంతా నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఆగిపోయేవారు. రెండో దెబ్బ కోసం చూసేవాళ్ళం. అది రాదు. మళ్ళీ బేరాలు మొదలయ్యేవి, కాస్త తక్కువ గొంతుతో.

ఒక శనివారం అమ్మ పెట్టె దగ్గర చాలాసేపు నిలబడింది. అదిరినప్పుడు లోపల ఉండొద్దు, తోటలోకి పరిగెత్తండి అని చెప్పింది. పడక గదులు వదలాలంటే మఠం నడిపే పెద్ద తల్లి అనుమతివ్వాలని, పెద్ద తల్లికి బిషప్ గారు ఇవ్వాలని, అడిగారు గానీ ఇంకా రాలేదని ఆ గొంతు చెప్పింది.

"బతకడానికి కూడా చీటీ కావాలటే?"

పెట్టె వెనకనుంచి చిన్న నవ్వు వినపడింది. ఆ నవ్వు నాకు కొత్తగా తోచింది. కానీ అక్క నవ్వు నాకు గుర్తున్నదెక్కడ?

"చీటీ రాకపోయినా పరిగెత్తు," అంది అమ్మ. "పాపమైతే నా లెక్కలో రాయమను. నువ్వు మాత్రం పరిగెత్తు. విన్నావా?"

"విన్నానమ్మా."

ఇంటికొచ్చాక అమ్మ కోళ్ళకు పెంకులు దంచుతూ, "అది పరిగెత్తే మనిషి కాదు," అంది.

*

జూలై ఆఖర్లో వచ్చే పునీత మార్తమ్మ పండగ ఆ ఏడు గురువారం పడింది. పొద్దున్నించి ముసురు. మూడు గంటలు దాటాక, నేను చెట్టు కింద గుడ్లు వెతుకుతుంటే నేల ఒకసారి పక్కకు జరిగినట్టయింది. వీధి వీధంతా బయటికి వచ్చింది. ఆగిపోయింది. ఉర్సులా చేతిలో గరిటెతో నిలబడి, మార్తమ్మ తల్లి పండగ ఆనవాలు చూపించిందని ఏదో అంటోంది. కొందరు నవ్వుతున్నారు. కొందరు పొయ్యి మీద పెట్టినవి చూసుకోవడానికి లోపలికి వెళుతున్నారు. అమ్మ నెత్తి తడుముకుని, "కాగితం" అంది.

నేను లోపలికి పరిగెత్తాను. పటం వెనక చెయ్యి పెట్టి కాగితం లాగాను. పటం కూడా ఊడి వచ్చింది. రెండూ పట్టుకుని గడప దాటి, పెరట్లో అమ్మ దగ్గరికి వచ్చాను. అంతలో చెట్టు మీద కోళ్ళన్నీ ఒక్కసారిగా సద్దుమణిగాయి. అవి అంతకుముందు అరుస్తున్నాయని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతది నాకు వరసగా గుర్తులేదు. మనం నిలబడి ఉన్నామో పడి ఉన్నామో తెలియకపోవడం గుర్తుంది. మా ఇల్లు చప్పుడు లేకుండా కూర్చోవడం గుర్తుంది. చప్పుడు ఉండే ఉంటుంది, ఊరంతా చేస్తున్న చప్పుడులో మా ఇంటిది వేరుగా వినపడలేదు. అమ్మ నా తలను తన పొట్టకేసి నొక్కి, పైన కాగితం పెట్టి, దాని పైన చెయ్యి పెట్టింది. తర్వాత దుమ్ము లేచింది. పగటి పూటే ఏమీ కనపడలేదు. ఆ దుమ్ములోంచి నడిచి వచ్చేవాళ్ళంతా ఒకే రంగు, ఒకే మొహం. పేరు పెట్టి పిలిస్తే గానీ ఎవరెవరో తెలియలేదు. పిలిచినా పలకని వాళ్ళు కొందరు అలాగే నడిచి పోయారు. వాళ్ళు ఎవరో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ తర్వాత వాన వచ్చింది.

తెల్లవారగానే అమ్మ చెట్టు కింద మూడు గుడ్లు వెతికి తీసింది. ఒకటి ఉడికించింది. ఊరు పడిపోతే గుడ్డు ఉడికిస్తోందేమిటని ఉర్సులా కూడా అడగలేదు. మేం వీధులు ఉండాల్సిన చోట రాళ్ళ మీదుగా ఎక్కి దిగి మఠం దగ్గరికి వెళ్ళాం. చర్చి పైకప్పు లేదు. వీధి గోడ లేదు. ఇటు బారెడు, అటు బారెడు గోడముక్క మిగిలి, మధ్యలో తిరుగుడు పెట్టె నిలబడి ఉంది. కుడివైపు మూడడుగులు వేస్తే ఎవరైనా లోపలి తోటలోకి నడిచిపోవచ్చు.

అమ్మ ఆ మూడడుగులు వెయ్యలేదు. శాలువా అంచుతో పెట్టె మీద దుమ్ము తుడిచింది. నోరు దగ్గరగా పెట్టింది.

"నిర్మల మరియమ్మకు వందనం."

జవాబు లేదు. మళ్ళీ అంది. ఎక్కడో పడిపోయిన పెద్ద గంట సగం మట్టిలో కూరుకుని ఉంది. నేల సన్నగా అదిరినప్పుడల్లా అది లోపలనుంచి మూలిగేది. ఆ మూలుగు ఆగేదాకా ఉండి అమ్మ మూడోసారి అంది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోదామని లాగాను.

"పాపమంటని తల్లికి వందనం."

అమ్మ రాళ్ళ మీద కూలబడింది. ఆ రోజు తెయొదోరా నువ్వేనా అని అడగలేదు. "దెబ్బలేమైనా తగిలాయా?" అని మాత్రం అడిగింది.

"లేదమ్మా. పరిగెత్తాను."

అమ్మ గుడ్డు పెట్టెలో పెట్టింది. ఇరుసులో ఇసుక పడి పెట్టె కీచుమంటూ తిరిగింది.

*

ఆగస్టంతా సంతబయలులో గడ్డి గుడిసెల్లో గడిచింది. ఊళ్ళో మఠాల్లో కూతుళ్ళున్న ఇళ్ళవాళ్ళు చాలామంది గోడలు పడిపోగానే లోపలికి వెళ్ళి వాళ్ళ పిల్లల మొహాలు చూసుకున్నారు. వాళ్ళు ముసుగులు లాక్కునేలోగా ఎంత కనపడితే అంత. ఉర్సులా అమ్మను ఊరుకోనివ్వలేదు.

"మూడడుగులే, హసింతా. నా కుంటి కాలితో నేనైనా వేస్తాను. ఏడేళ్ళయింది కూతుర్ని చూసి. ఎవరైనా ఆ చెక్కపెట్టెతో మాట్లాడి వస్తారా?"

"నియమం నియమమే," అంది అమ్మ.

"గోడే లేదు కదే, ఇంకా నియమమేంటి?"

అమ్మ భక్తి చూసి నాకు గర్వంగా ఉండేది.

గుడిసె కారి అన్నమ్మ పటం, దాని వెనక కాగితం తడిసిపోయాయి. ఒక పొద్దున అమ్మ గింజల కోసం వెళ్ళినప్పుడు, చీకిపోతుందేమోనని కాగితం మడతలు విప్పి, రొట్టెలు కాల్చే పెనం అంచున ఆరబెట్టాను. అది వేడెక్కుతుంటే సిరా గీతలు నల్లగా తేలాయి. చదవాలని చదవలేదు. కానీ చదవడం వచ్చాక చూడడం, చదవడం వేరువేరుగా ఉండవు. మొదట పట్టుబడిన మాట అక్క పేరు. అక్కను ఎంతగా దీవించారో అనుకుని ముందుకు వెళ్ళాను. కొన్ని మాటలు మిఠాయి పేర్లలోని అక్షరాలతో పోల్చుకుని కూడబలుక్కున్నాను. మా ప్రియ సోదరి తెయొదోరా మంగళవారం ఉదయం జ్వరంతో కన్నుమూసిందని, మఠం తోటలోనే పాతిపెట్టామని, ఇంటివారు ఆమె ఆత్మకోసం ప్రార్థించాలని ఉంది. కింద తేదీ ఉంది. రెండేళ్ళ కిందటిది.

పెనం మాడు వాసన వేసింది. కాగితం తీసి, రొట్టెలు కాల్చాను. మడతల మీద మడతలు సరిగ్గా వేసి పటం వెనక దోపాను. అమ్మ వచ్చి తిని, రొట్టెలు ఇవాళ మెత్తగా వచ్చాయంది.

ఇంతకాలం మా నెత్తుల మీద పెట్టుకున్నది అది. మరి పెట్టె వెనక మాట్లాడుతున్నది ఎవరు?

ఆ శనివారం అమ్మతో వెళ్ళాను. వెళ్ళకుండా ఉండడానికి కారణమేదీ దొరకలేదు. "పాపమంటని తల్లికి వందనం" అని ఆ గొంతు అన్నప్పుడు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. పెట్టె వెనక పడిపోయిన గోడ, తడి గడ్డి, అక్కను పాతిన తోట ఉన్నాయి. అమ్మ కబుర్లన్నీ చెబుతోంది, గొంతు ఊ కొడుతోంది. గుడ్డు వెళ్ళింది. పెంకులు వచ్చాయి. పీలిక విప్పి వాటిని చూస్తూ, చచ్చిపోయినవాళ్ళకు ఆకలి ఉంటుందా అని ఆలోచించాను. పెంకు లోపలి పొర ఇంకా తడిగా, వెచ్చగా ఉంది.

సోమవారం ఒక్కదాన్నే వెళ్ళాను. వందనం అన్నాను, జవాబు వచ్చింది. నేనింకేమీ మాట్లాడకుండా కుడివైపుకు నడిచాను. ఒకటి, రెండు, మూడు.

బోర్లించిన పిండి తొట్టి మీద ఒకామె కూర్చుని ఉంది. ఎవరూ రారన్న ధైర్యంతో ముసుగు వెనక్కి వేసుకుంది. నలభై ఏళ్ళుంటాయి. మశూచి మచ్చలు, పెద్ద చేతులు. నన్ను చూసి ముసుగు లాక్కోబోయి, చెయ్యి సగంలో ఆపేసింది.

"హసింతమ్మ చిన్న కూతురివా?" అంది. అదే గొంతు, మనిషి మాత్రం వేరు.

"మా అక్క ఏది?"

ఆమె తోట మూలకు చూసింది. అక్కడ వరసగా చెక్క సిలువలు, కొన్ని పడిపోయి ఉన్నాయి.

"ఉత్తరం గురువారం పంపారు," అంది. "శనివారం మీ అమ్మ వచ్చి, తెయొదోరా నువ్వేనా అంది. చదివి కూడా అలా పిలుస్తోందంటే బాధతో మతి చలించిందేమో అనుకున్నాను. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ వారానికి గడిచిపోతుందనుకున్నా. మళ్ళీ శనివారం వచ్చింది. గుడ్డు పెట్టింది."

"మాకు అప్పుడు చదవడం రాదు."

"ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. అప్పటికి…" ఆమె చేతులు చూసుకుంది. "నన్ను పుట్టిన రోజునే రేవు పట్నం మఠంలో ఇలాంటి పెట్టెలోనే పెట్టి తిప్పి వెళ్ళిపోయారు. నా ఒక్కదాని కోసం అని ఎవరూ ఎప్పుడూ ఏదీ వండలేదు, పిల్లా. ప్రతి శనివారం ఇవాళ చెప్పేస్తాను అనుకునేదాన్ని. అది వెచ్చగా ఉండేది."

నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో ఇప్పుడు చెప్పలేను. అక్క దగ్గర ఎవరున్నారని అడిగాను. తనే ఉన్నానంది. పోయేముందు నీళ్ళడిగిందని, తాగి, చెట్టు మీద కోళ్ళు ఎక్కాయా అని అడిగిందని చెప్పింది. అక్క పోయిన ఏడు మా కోళ్ళు చెట్టు ఎక్కనేలేదు.

"మీ అమ్మకి చెప్తావా?"

వెనక్కి మూడడుగులు వేసి వీధిలోకి వచ్చాను.

*

సెప్టెంబరులో దండోరా వేశారు. ఈ నేల పనికిరాదని, ఊరిని ఉత్తరాన ఇంకో లోయకు మారుస్తున్నామని, అధికారులు, మఠాలు ముందు కదలాలని. ఉర్సులా తన గంగాళం ఎవరి బండిలో వెయ్యాలో వెతుక్కుంటూ తిరిగింది. మా సంగతి ఇంకా తేలలేదు. మఠకన్యలను తీసుకెళ్ళే బండ్లు శనివారం బయల్దేరతాయని మంగళవారం తెలిసింది.

ఆ నాలుగు రోజులూ నేను నోరు తెరిచి మూస్తూనే ఉన్నాను. చెబితే అమ్మకు కూతురు పోతుంది. చెప్పకపోతే శనివారం గొంతు పోతుంది, ఉత్తరాన తన కూతురు బతికే ఉందనుకుంటూ అమ్మ చచ్చేదాకా దారి చూస్తుంది. శుక్రవారం సాయంత్రం, "అమ్మా, ఆ కాగితం…" అన్నాను. అమ్మ నా వంక చూసి, "రేపు దారి బురదగా ఉంటుంది, పాత చెప్పులు వేసుకో," అంది.

వానలో ఎద్దుబండ్లు ఏడు నిలబడి ఉన్నాయి. ఎవరూ చూడకుండా చుట్టూ చాపలు కట్టారు. లోపల మఠకన్యలు. బయట తల్లులు, చెల్లెళ్ళు, పేర్లు పిలుస్తూ చాపల మీద తడుతున్నారు. సిపాయిలు అదిలిస్తున్నారు. అమ్మ ఎవరి పేరూ పిలవలేదు. ప్రతి బండి దగ్గరా ఆగి, చాపకు నోరు దగ్గరగా పెట్టి వందనం చెప్పింది. లేత గొంతులు, ముసలి గొంతులు జవాబిచ్చాయి. అమ్మ తర్వాతి బండికి నడిచింది. అయిదో బండి దగ్గర ఆ బొంగురు గొంతు పలికింది.

అమ్మ శాలువాలోంచి పీలిక తీసి చాపల సందులోంచి లోపలికి ఇచ్చింది. పెద్ద చెయ్యి ఒకటి అందుకుంది. ఆ చెయ్యిని అమ్మ చూసింది. అయినా అమ్మ మొహంలో ఏ మార్పూ లేదు.

"దారిలో తిను. పెంకులు పారేసెయ్, ఈసారికి."

పీలికను పట్టుకున్న చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది.

"మా తెయొదోరా గుడ్డు ముట్టేది కాదు," అంది అమ్మ. "చిన్నప్పటినుంచీ అంతే. వాసన తగిలితే చాలు, పెరట్లోకి పరిగెత్తి కక్కుకునేది. మొదటిసారి పెంకులు తిరిగొచ్చినప్పుడు ఇంటికెళ్ళి కూర్చుని ఏడ్చాను. తర్వాత వారం మళ్ళీ ఉడికించాను."

బండివాడు ఎద్దుల్ని అదిలించాడు. చాప వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు. అమ్మ బండితో పాటు నాలుగడుగులు నడిచింది.

"నీ పేరేంటమ్మా?"

"బెనితా."

"బెనితా," అని అమ్మ మెల్లగా అంది, గుడ్డును వెలుగుకు అడ్డంగా పెట్టి లోపల బాగుందో లేదో చూసేటప్పటి మొహంతో. "అక్కడ చలి ఎక్కువంటున్నారు, బెనితా. గొంతుకి గుడ్డ చుట్టుకో."

బండ్లు మలుపు తిరిగేదాకా నిలబడ్డాం. తిరిగి వస్తూ మఠం మీదుగా వచ్చాం. పెట్టె గోడముక్కలో అలాగే ఉంది. ఆగకుండా దాటాం. నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఇరుసు కీచుమన్న చప్పుడు వినపడింది. నేలే కదిలి ఉంటుంది. అమ్మ వెనక్కి చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు.

గుడిసెలోకి వచ్చాక అమ్మ తడి శాలువా తీసి దండెం మీద వేసింది. పొయ్యి రాజేసింది. అన్నమ్మ పటం వెనకనుంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని చేత్తో చదును చేసింది. మడతలు నేను వేసినట్టే ఉన్నాయి, కానీ పెనం అంచు తాలూకు గోధుమరంగు మచ్చ ఒకటి మూలన ఉంది. అమ్మ దాని మీద వేలు పెట్టి నా వైపు చూసింది.

"నీకు చదవడం వచ్చు కదా," అంది. "ఇప్పుడు చదువు."

నేను చదవడం మొదలుపెట్టాను. అక్క పేరు దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. మంగళవారం ఉదయం అన్న చోటికి వచ్చేసరికి నేల అదిరింది. పొయ్యి మీద కుండ ఒరిగింది, బయట ఎవరో అరిచారు. అలవాటుగా నేను తల వంచాను, కాగితం నెత్తి మీదికి వస్తుందని. నా చేతిలోని కాగితం అమ్మ తీసుకోలేదు. కుండను మాత్రం చేత్తో నిలబెట్టి పట్టుకుంది.

"ఆగకు," అంది. "చదువు."